రూపాయి గుట్టు విప్పిన విద్యార్థి

కూడలిలో కోటు తొడుక్కొని, చేత పుస్తకంతో నిలిచిన అంబేడ్కర్ విగ్రహం కనిపించని మండలం తెలుగునాట అరుదు. ఆ పుస్తకం రాజ్యాంగమని బడిపిల్లలకు సైతం తెలుసు. అంతకు పాతికేళ్ల ముందే రూపాయి విలువపైనా, సర్కారు ఖజానాపైనా ఆయన రచించిన గ్రంథాల సంగతి మాత్రం కామర్స్ పట్టభద్రులలోనూ కొందరికే తెలుసు. నేడు పీజీ తరగతుల్లో బ్యాంకింగ్, ఫైనాన్స్ పేరిట బోధించే విషయాలను ఆయన వందేళ్ల కిందట రెండు ఖండాల్లో, చాలీచాలని తిండితో అభ్యసించారు.

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక పట్టణంలో సుబేదార్ రాంజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పద్నాలుగో సంతానంగా జన్మించారు. 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలతో బీఏ పూర్తిచేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తండ్రి కన్నుమూశారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు ఉపకార వేతనం మంజూరు చేశారు. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. 1913 జులైలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు.

అక్కడ ప్రభుత్వ ఆదాయ వ్యయాల శాస్త్రంలో పేరొందిన ఎడ్విన్ సెలిగ్‌మన్ ఆయనకు గురువు. 1915లో ఎంఏ పట్టా అందింది. ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాలపై వ్యాసం సమర్పించింది ఆ ఏడాదే. తర్వాత పరిశోధనకు ఎంచుకున్న అంశం మరింత లోతైనది. 1833 చార్టర్ చట్టంతో ఖజానా తాళాలన్నీ కలకత్తా చేతికి చేరాయి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలను ఏలిన మద్రాసు సర్కారు సైతం పై అనుమతి లేనిదే కొత్తగా జీతమిచ్చే చిన్న ఉద్యోగాన్నీ సృష్టించలేని పరిస్థితి. పన్ను విధించేది ఒకరు, ఖర్చు పెట్టేది మరొకరు కావడంతో పొదుపు ఎవరికీ పట్టలేదు. 1871లో మేయో ప్రభువు రాష్ట్రాలకు కొన్ని పద్దులు అప్పగించినది మొదలు ఈ ముడి ఎలా సడలుతూ వచ్చిందో అంబేడ్కర్ లెక్కలతో నిరూపించారు. పద్దుల పట్టికల మీద ఇంత ఓపిక చూపిన యువకులు ఏ కాలంలోనైనా తక్కువే.

మునిగిన పుస్తకాలు

1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. బారిస్టరు చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ పేరు నమోదు చేసుకున్నారు. ఏడాది తిరగకుండానే ఉపకార వేతనం గడువు తీరింది. నాలుగేళ్లలోగా తిరిగివచ్చి చదువు పూర్తిచేసేందుకు అనుమతి పొంది, 1917 ఆగస్టులో స్వదేశానికి చేరుకున్నారు. వేరే ఓడలో పంపిన పుస్తకాల సామాను జర్మన్ల టార్పెడో దెబ్బకు సముద్రం పాలైంది. దానికి దక్కిన పరిహారం సొమ్ముతోనే బరోడాకు ప్రయాణం కట్టారు.

అమెరికాలో అర్థశాస్త్రం చదివివచ్చిన అధికారికి బరోడాలో అద్దె గది దొరకలేదు. కార్యాలయంలో బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేవారు. తలదాచుకున్న పార్శీ సత్రంలోకి కొందరు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ నవంబరులోనే బొంబాయి రైలెక్కారు. మరుసటి ఏడాది సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాలలో ఆచార్యుడిగా కుదిరినా, అక్కడ మంచినీటి కుండ వద్ద తోటి అధ్యాపకుల అభ్యంతరం ఎదురైంది. జీతంలో మిగిల్చినది, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం, కొలంబియాలో సహవాసి అయిన నావల్ భతేనా అప్పుగా ఇచ్చిన రూ.5,000 కలిపి 1920లో మళ్లీ లండన్ చేరారు. ఇంటివద్ద భార్య రమాబాయి పరేల్ చాల్‌లోని ఇరుకు గదుల్లో సంసారాన్ని నెట్టుకొచ్చారు. ఆ చదువు ఖరీదులో సగం ఆమెదే.

ఉదయాన్నే బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తలుపులు తెరిచే వేళకు చేరి, మూసేదాకా చదివేవారు. రాత్రి ఆకలికి అప్పడాలే దిక్కు. 1921లో ఎమ్మెస్సీ పూర్తయింది. 1922 అక్టోబరులో డీఎస్సీకి రూపాయి సమస్యపై సిద్ధాంత గ్రంథం సమర్పించారు.

వెండి ధర పడిపోవడంతో రూపాయి విలువ దిగజారి, ఇంగ్లండుకు చెల్లించాల్సిన ఖర్చుల భారం పెరగగా, ప్రభుత్వం 1893లో టంకశాలలను ప్రజల వెండికి మూసివేసింది. అనంతరం రూపాయిని ఒక షిల్లింగు నాలుగు పెన్నీల రేటుకు కట్టివేసింది. ఈ పద్ధతిని మేటి అర్థశాస్త్రవేత్త కీన్స్ 1913లో సమర్థించారు. అంబేడ్కర్ ఆయనతో విభేదించారు. విదేశీ మారకం రేటు నిలకడగా ఉన్నంత మాత్రాన సరిపోదని, దేశంలో రూపాయి కొనుగోలు శక్తి నిలవాలని వాదించారు. సర్కారుకు తోచినన్ని రూపాయలు ముద్రించే వీలుంటే ధరలు పెరిగి కూలీనాలీ జనమే నలుగుతారన్నది ఆయన తర్కం. అందుకే రూపాయల ముద్రణకు కళ్లెం వేయాలని, బంగారు నాణెం చెలామణీలోకి తేవాలని కోరారు. ఇందులో బంగారం సంగతి కాలగర్భంలో కలిసింది. ధరల సంగతి నేటికీ సంతలో వినిపిస్తుంది.

బ్రిటిష్ సర్కారు విధానాన్ని ఇంత నిశితంగా విమర్శించడం పరీక్షకులకు కొరుకుడు పడలేదు. తిరగరాయాలని కోరారు. చేతిలో డబ్బు నిండుకోవడంతో 1923 ఏప్రిల్‌లో బొంబాయి చేరి, నిర్ధారణలు మార్చకుండా శైలిని మాత్రమే సవరించి ఆగస్టులో పంపారు. నవంబరులో డీఎస్సీ వచ్చింది. గురువు ఎడ్విన్ కానన్ అనేక అంశాల్లో ఏకీభవించకపోయినా ముందుమాట రాశారు. అచ్చుప్రతులు దాఖలు చేయాలన్న నిబంధన కారణంగా కొలంబియా పీహెచ్‌డీ 1927లో గాని చేతికి రాలేదు.

1925 డిసెంబరు 15న హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట ఆయన సాక్ష్యమిచ్చారు. ఆ కమిషన్ సిఫారసు చేసిన కేంద్ర బ్యాంకే 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకుగా అవతరించింది. ఆ ఘనత అంతా ఒక్కరికే కట్టబెట్టడం అతిశయోక్తే అవుతుంది. ఆయన కృషి ముద్ర మరింత స్పష్టంగా కనిపించేది వేరేచోట. ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా ఆయన తీర్చిదిద్దిన రాజ్యాంగంలోని 280వ అధికరణం కేంద్రం, రాష్ట్రాల నడుమ పన్నుల పంపకానికి ఆర్థిక సంఘాన్ని ఏర్పరచింది. 73వ సవరణ తర్వాత పంచాయతీల వనరులూ దాని పరిధిలోకి వచ్చాయి. సర్పంచులు ఎదురుచూసే ఆర్థిక సంఘం నిధులకు మూలం అదే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న ఆయనకు గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. అంతకు ముందు, 1947లో, రూపాయి గ్రంథాన్ని భారత కరెన్సీ, బ్యాంకింగ్ చరిత్ర అనే పేరుతో తొలి సంపుటిగా మళ్లీ అచ్చువేయించారు. 1923 తర్వాతి కథను రెండో సంపుటిలో రాయాలని సంకల్పించారు. న్యాయశాఖ, రాజ్యాంగ రచన, ఆపై అనారోగ్యం ఆ తీరిక ఇవ్వలేదు. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన తుదిశ్వాస విడిచేనాటికి ఆ సంపుటి వెలువడలేదు.