పొరుగువాని ప్రాణమునకు పూచీ – ఢిల్లీలో గాంధీ మహాత్ముని కడపటి దినములు

ఒక జనాంగమును సమూలముగా తుడిచివేయు పాతకమునకు 1944 వరకు ప్రత్యేకమైన పేరు లేదు. పోలండు దేశపు యూదు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ ఆ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో దానికి పేరు పెట్టెను. తెలుగులో దానిని జాతిసంహారము అందురు. ఈ పాతకమును లోకమంతయు నేరముగా ఎంచవలెనని 1946లో ఐక్యరాజ్యసమితిని కోరిన మూడు దేశములలో, క్యూబా పనామాలతోపాటు, భారతదేశమును ఒకటి. ఆ సంవత్సరము డిసెంబరు 11న సర్వప్రతినిధి సభ తీర్మానమును ఆమోదించెను. ఆ దినమున 77 ఏండ్ల వృద్ధుడొకాయన తూర్పు బెంగాలులోని నోవాఖలి ప్రాంతమున, శ్రీరాంపూర్ అను పల్లెలో, ఇండ్లు కాలి ఆప్తులను పోగొట్టుకొనినవారి మధ్య నివసించుచుండెను. ఆయనే మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. మూకుమ్మడి హత్యలను ఆపుటకు చట్టముతోపాటు మరేమి కావలెనో ఆయన జీవితపు చివరి భాగము చూపుచున్నది.

1869 అక్టోబరు 2న పోర్‌బందరులో పుట్టిన గాంధీజీ ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివి, 1893లో ఒక వ్యాజ్యము పని మీద దక్షిణాఫ్రికాకు వెళ్లెను. అచ్చట భారతీయుల హక్కులకొరకు ఆయన చేసిన పోరాటము అందరును ఎరిగినదే. అంతగా తెలియని సంగతి ఒకటి కలదు. 1906లో నేటాలులో జులూ జనులు పన్ను విషయమై తిరుగబడినప్పుడు, ఆయన భారతీయుల చిన్న దళమును కూర్చుకొని, ప్రభుత్వపక్షమున క్షతగాత్రులను మోయు పనికి పోయెను. తీరా చూడగా వారి చేతికి వచ్చిన రోగులు జులూలే. తెల్లవారు ఆ గాయములను తాకుటకు ఇష్టపడలేదు. అనేకులు యుద్ధములో గాయపడినవారు కారు. కొరడా దెబ్బలకు ఒడలు చీలి, మందు లేక పుండ్లు కుళ్లుచున్నవారు. తాను చూచుచున్నది యుద్ధము కాదనియు, మనుష్యులను వేటాడుట అనియు ఆయన గ్రహించెను. ఆ దృశ్యము ఆయన మనస్సును విడిచిపోలేదు.

1915లో స్వదేశమునకు తిరిగివచ్చిన గాంధీజీ ఆ ఏప్రిలు మాసమున ఢిల్లీకి వచ్చి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ప్రిన్సిపాలు సుశీల్ కుమార్ రుద్ర గారి ఇంట బసచేసెను. రుద్ర బెంగాలీ క్రైస్తవుడు. 1906లో ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాలు అయినవాడు. ఆ పదవి ఆంగ్లేయునికి గాక రుద్రకే దక్కవలెనని కోరినవాడు ఆయన సహోపాధ్యాయుడైన చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. 1914 జనవరిలో దక్షిణాఫ్రికాకు వెళ్లి గాంధీజీకి ఆప్తమిత్రుడైనవాడును ఈ ఆండ్రూసే. 1919 ఏప్రిలు 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగులో నిరాయుధులైన జనులను సైనికులు కాల్చిచంపినప్పుడు, ఆండ్రూస్ పంజాబుకు బయలుదేరెను. అధికారులు ఆయనను నిర్బంధించి వెనుకకు పంపిరి. నిషేధము తొలగిన పిమ్మట ఆయన మరల వెళ్లి బాధితుల సాక్ష్యములను కూర్చెను. ఆంగ్లేయుడై యుండి, ఆంగ్లేయుల దుష్కార్యమును ఆంగ్లేయుల ఎదుటనే ఖండించెను. తన జనులు చేసిన పాపమును తన జనులకే చెప్పుట ఎంత కష్టమో, ఎంత అవసరమో గాంధీజీ ఆ మిత్రునియందు చూచెను.

అయినను ఈ విషయములో ఆయన మాట అన్ని వేళల సూటిగా తగలలేదు. 1938 నవంబరు 9, 10 తేదీలలో జర్మనీలో యూదుల ప్రార్థనామందిరములను తగులబెట్టిరి. ఆ నెల 26న హరిజన్ పత్రికలో గాంధీజీ యూదులకు అహింసాయుత ప్రతిఘటనను సలహాగా చెప్పెను. యెరూషలేములో నివసించుచున్న యూదు తత్త్వవేత్త మార్టిన్ బూబర్ 1939లో ఆయనకు దీర్ఘమైన లేఖ వ్రాసి, చూచు కన్నులు లేని చోట, ప్రభుత్వమే హంతకుడైన చోట, హతుల సహనము ఎవరి హృదయమును కదల్చజాలదని వాదించెను. అటుపిమ్మట యుద్ధ సంవత్సరములలో సుమారు 60 లక్షలమంది యూదులు చంపబడిరి. బూబరు చెప్పిన దానిలోని సత్యము దారుణముగా రుజువాయెను. అచ్చట త్యాగము చేయవలసినవారు హతులు కారు, హంతకుల పొరుగువారు. ఆ పొరుగువారిలో అత్యధికులు క్రైస్తవులు. వారిలో అనేకులు మౌనము వహించిరి. మౌనము వహింపని కొద్దిమందిలో డీట్రిక్ బోన్‌హోఫర్ అను లూథరన్ పాదిరి ఒకడు. ఆయన గాంధీజీయొద్ద కొంతకాలము ఉండగోరగా, 1934 నవంబరు 1న గాంధీజీ ఆహ్వానించుచు జాబు వ్రాసెను. ఆ ప్రయాణము సాగలేదు. బోన్‌హోఫర్ స్వదేశమునకు తిరిగిపోయి, హిట్లరును ఎదిరించి, 1945 ఏప్రిలు 9న ఉరికంబమెక్కెను.

హంతకుల పొరుగువాడై నిలుచు ఆ వంతు త్వరలోనే గాంధీజీకి వచ్చెను. 1946 ఆగస్టు 16న కలకత్తాలో మొదలైన మతకలహము వేలమందిని బలిగొనెను. అక్టోబరులో నోవాఖలిలో హిందువులు, ఆ వెంటనే బీహారులో ముస్లిములు హతులైరి. గాంధీజీ నోవాఖలి పల్లెలలో చెప్పులు లేని కాళ్లతో నడిచెను. 1947 మార్చిలో బీహారుకు వెళ్లి, హిందువుల దోషమును హిందువులకే చెప్పెను. ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు ఆయన ఢిల్లీ ఉత్సవములలో లేడు. కలకత్తాలో ఒక ముస్లిం గృహములో ఉండెను. అక్కడ హత్యలు మరల ప్రారంభముకాగా సెప్టెంబరు 1న ఉపవాసము మొదలుపెట్టెను. నాలుగవ దినమునకు నగరము శాంతించెను.

సెప్టెంబరు 9న ఆయన ఢిల్లీ చేరెను. పంజాబుకు పోవలెనని ఆయన తలంపు. అయితే షాదరా స్టేషనులో కలిసికొనిన సర్దార్ పటేలు చెప్పిన వార్తలు విని ఆగిపోయెను. కరోల్‌బాగు, సబ్జీమండీ, పహాడ్‌గంజ్ పేటలలో ముస్లిములను ఇండ్లనుండి లాగి చంపుచుండిరి. ఆయన ఇంతకుముందు దిగుచుండిన పాకీవారి పేట శరణార్థులతో నిండిపోయినందున, ఆయనకు బిర్లా భవనములో బస ఏర్పరచిరి. పురానా ఖిల్లాలోను, హుమాయూను సమాధి ఆవరణలోను ఢిల్లీ ముస్లిములు వేలకొలదిగా తలదాచుకొనిరి. కింగ్స్‌వే శిబిరములో పశ్చిమ పంజాబునుండి పారిపోయివచ్చిన హిందువులు, సిక్కులు ఉండిరి. గాంధీజీ ఇరుపక్షముల శిబిరములకును వెళ్లెను.

ఆ శిబిరములలో ఆయన విన్న మాటలలోనే నరమేధమునకు మూలము కలదు. శరణార్థుల దుఃఖము నిజమైనది. ఒకని కుమారుని చంపిరి, ఒకని భార్యను ఎత్తుకొనిపోయిరి, మరియొకని ఇల్లు దోచుకొనిరి. అయితే రావల్పిండిలో జరిగిన దానికి ఢిల్లీలోని దర్జీవాడు ఎట్లు బాధ్యుడు? ఒకని నేరమును వాని మతస్థులందరిమీద మోపవచ్చునను తలంపు జనుల మనస్సులలో న్యాయముగా స్థిరపడియుండెను. కత్తి పట్టినవారు కొద్దిమంది. అది తగిన శాస్తి అని ఊరకుండినవారు, ఖాళీయైన ఇండ్లను ఆక్రమించుకొనినవారు, ముస్లిముల అంగళ్లను వెలివేసినవారు అనేకులు. ఆ అనేకుల సమ్మతి లేకుండ ఆ కొద్దిమందికి ధైర్యము రాదు. కావున ప్రతి సాయంకాలము ప్రార్థన సభలో గాంధీజీ ఆ అనేకులతోనే మాటలాడెను. కొందరు ఖురాను పఠనమునకు అభ్యంతరము చెప్పినను ఆయన మానలేదు. పానిపట్టుకు రెండుమార్లు వెళ్లి అచ్చటి ముస్లిములను ఉండుమని బ్రతిమాలెను. డిసెంబరు 19న ఢిల్లీకి దక్షిణమున ఉన్న మేవాత్‌లోని ఘసేరా గ్రామమునకు వెళ్లి, మియో జనులు తమ భూములను విడిచిపోనక్కరలేదని చెప్పెను. వారిలో అనేకులు నిలిచిపోయిరి.

పోలీసులవలన, సైన్యమువలన ఢిల్లీలో హత్యలు తగ్గెను గాని భయము తగ్గలేదు. 1948 జనవరి 11న ఢిల్లీ ముస్లిం పెద్దలు కొందరు ఆయనయొద్దకు వచ్చిరి. పాకిస్తానుకు పోవ వారికి ఇష్టము లేదు. ఇక్కడ బ్రతుక ధైర్యము లేదు. ఇంకను ఎన్నాళ్లు ఓర్చుకొనుమందురని వారు అడిగిరి. మరునాడు గాంధీజీ తన నిర్ణయమును ప్రకటించెను. జనవరి 13న మధ్యాహ్నవేళ నిరవధిక ఉపవాసము ఆరంభించెను. అప్పటికి ఆయన వయస్సు 78 సంవత్సరములు.

ఆయన కోరినవి మెహ్రౌలీలో ఖ్వాజా కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా ఉరుసు ఎప్పటివలె జరుగవలెను. ఆక్రమించిన మసీదులను తిరిగి ఇయ్యవలెను. ముస్లిములు నగరములో నిర్భయముగా తిరుగవలెను. రైళ్లలో క్షేమముగా ప్రయాణము చేయవలెను. వారి వర్తకమును వెలివేయరాదు. వెళ్లినవారు తిరిగివచ్చినయెడల అడ్డుచెప్పరాదు. ప్రేమించుమని మాత్రము చెప్పి ఊరకొనక, ప్రేమ వీధిలో ఎట్లు కనబడవలెనో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెప్పెను. నెరవేరినదో లేదో ఎవరైనను చూడగల షరతులు అవి.

అది సులభమైన వేళ కాదు. ఆ దినములలోనే కరాచీలో సిక్కులమీదను, పాకిస్తానులోని గుజ్రాత్ స్టేషనులో హిందూ సిక్కు శరణార్థుల రైలుమీదను దాడులు జరిగెను. చలిలో ఇల్లు లేక వణకుచున్న శరణార్థులు కొందరు బిర్లా భవనము వాకిట నిలిచి, గాంధీ చావవలెనని కేకలు వేసిరి. కాశ్మీరు యుద్ధము కారణముగా నిలిపియుంచిన 55 కోట్ల రూపాయలను పాకిస్తానుకు చెల్లించుటకు జనవరి 15న ప్రభుత్వము నిశ్చయించగా, అనేకుల కోపము ఇంకను పెరిగెను. గాంధీజీ పాకిస్తానులోని దుర్మార్గమును దాచలేదు. అచ్చటివారు తమ అల్పసంఖ్యాకులను కాపాడవలెనని గట్టిగా చెప్పెను. అయితే వారు మారువరకు ఢిల్లీ ఆగరాదనెను.

దినదినము ఆయన క్షీణించుచుండగా నగరము కదిలెను. మూత్రపిండములు సరిగా పనిచేయుట లేదని వైద్యులు హెచ్చరించిరి. పేటపేటలో శాంతి సభలు జరిగెను. జనవరి 18న రాజేంద్రప్రసాదు గారి ఇంట నూరుమందికి పైగా ప్రతినిధులు కూడి ప్రతిజ్ఞాపత్రముమీద సంతకములు చేసి, బిర్లా భవనమునకు వచ్చిరి. హిందూ మహాసభ, రాష్ట్రీయ స్వయంసేవక సంఘము, సిక్కు సంస్థలు, ముస్లిం సంస్థలు, శరణార్థులు, అధికారులు వారిలో ఉండిరి. ఆ పత్రములోని ముఖ్యమైన సంగతి ఏమనగా, ఇవన్నియు పోలీసుల, సైన్యముల సహాయముతో గాక తమ స్వంత ప్రయత్నముతో జరిగింతుమని వారు మాట ఇచ్చిరి. బెన్యామీను కొరకు యూదా పూటపడినట్లు, ఢిల్లీ పెద్దలు తమ పొరుగువారి ప్రాణములకు పూచీపడిరి. అప్పుడు మౌలానా ఆజాదు చేతినుండి గాంధీజీ నారింజరసము పుచ్చుకొనెను.

జర్మనీలో సాధ్యము కానిది ఢిల్లీలో ఎట్లు సాధ్యమాయెను? ఇక్కడ త్యాగము చేసినవాడు హతుల పక్షమువాడు కాడు. హత్యలు ఎవరి పేరట జరుగుచుండెనో ఆ అధికసంఖ్యాకులలో ఒకడు. ఇక్కడి ప్రభుత్వము హంతకుల పక్షమున నిలువలేదు. చూచుటకు పత్రికలును, వినుటకు జనులును ఉండిరి. ఈ మూడును కూడినందున ఒకని ఆకలి నగరము మనస్సాక్షిని తాకగలిగెను.

అందుకు వెల ఆయనే చెల్లించెను. జనవరి 20న ప్రార్థన సభలో బాంబు ప్రేలెను. దానిని పెట్టిన యువకుని ద్వేషింపవద్దని ఆయన కోరెను. జనవరి 27న మెహ్రౌలీ దర్గాకు వెళ్లి, షరతు ప్రకారము ఉరుసు జరుగుటను కన్నులార చూచెను. జనవరి 30 సాయంకాలము 5 గంటల 17 నిమిషములకు, ప్రార్థనకు నడిచిపోవుచుండగా నాథూరాం గోడ్సే ఆయనను కాల్చిచంపెను. ఆ మరణవార్తకు దేశము సిగ్గుతో తల వంచెను. కలహములు చాలవరకు చల్లారెను.

ఆ సంవత్సరమే డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిసంహార నిరోధక ఒడంబడికను ఆమోదించెను. 1949లో భారతదేశము దానిమీద సంతకము చేసి, 1959లో ధ్రువపరచెను. అయినను 1984 అక్టోబరు 31న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ హత్యకు గురియైన పిమ్మట, ఇద్దరి నేరమును ఒక మతస్థులందరిమీద మోపిరి. కొద్ది దినములలో ఢిల్లీలో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 2,733 మంది సిక్కులు హతులైరి. ఆ హత్యలలో ఒక వ్యాజ్యమునకు సంబంధించి 2018 డిసెంబరు 17న తీర్పు చెప్పుచు, జాతిసంహారము అను నేరమునకు దేశీయ చట్టములో ఇంకను చోటు లేదని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఎత్తిచూపెను.

చట్టము కావలెను, కాపాడు ప్రభుత్వము కావలెను. అయితే 1984లోను కొన్ని వీధులలో హిందూ కుటుంబములు తమ సిక్కు పొరుగువారిని ఇండ్లలో దాచి బ్రదికించిరి. వారిని ఎవరును పత్రముమీద సంతకము అడుగలేదు. బిర్లా భవనము నేడు గాంధీ స్మృతి అను పేరున అందరికి తెరువబడియున్నది. అచ్చట ఆయన కడపటి అడుగుల గుర్తులను చూచువారు అనేకులు కలరు. ఆయన అడిగిన షరతులు మాత్రము వస్తుప్రదర్శనకు చెందినవి కావు. ఒకని తప్పునకు వాని జనులందరిని నిందించు మాట ఇంటిలోనో, అంగడిలోనో, ఆరాధన ముగిసిన పిమ్మట ఆవరణలోనో వినబడినప్పుడు, ఆ మాటను అక్కడనే ఆపువాడు నేడును ఆ ప్రతిజ్ఞాపత్రము క్రింద తన పేరు వ్రాయుచున్నాడు.