6174 మ్యాజిక్ నంబర్ కనిపెట్టింది మన స్కూల్ టీచరే.. లెక్కల మాస్టారు కప్రేకర్ గురించి తెలుసా?

చేతిలో పెన్ను, కాగితం ఉంటే ఓ చిన్న లెక్క చేసి చూడండి. ఏదైనా నాలుగంకెల నంబర్ రాయండి. నాలుగూ ఒకే అంకె మాత్రం కాకూడదు. ఉదాహరణకు 2341 తీసుకుందాం. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేరిస్తే 4321. చిన్న నుంచి పెద్దకు పేరిస్తే 1234. తీసివేస్తే 3087 వస్తుంది. దానికీ అలాగే చేయండి. 8730లోంచి 0378 తీసేస్తే 8352. ఇంకోసారి 8532లోంచి 2358 తీసేస్తే 6174.

ఇక అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా 6174 దాటి వెళ్లలేరు. తేడా మూడంకెలే వస్తే ముందు సున్నా పెట్టుకోవాలి. ఏ నంబర్‌తో మొదలుపెట్టినా మహా అయితే ఏడుసార్లలో ఇక్కడికే చేరాల్సిందే!

ఇంతకీ ఎవరీయన?

దీన్ని కనిపెట్టింది దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్. 1905 జనవరి 17న మహారాష్ట్రలోని దహానులో పుట్టారు. ఎనిమిదేళ్లకే తల్లి చనిపోయారు. తండ్రి గుమాస్తా. ఆయనకు జ్యోతిషం అంటే పిచ్చి. ఆ గుణకారాలు, భాగహారాలు చూస్తూ పెరిగిన పిల్లాడికి అంకెలే ఆటబొమ్మలయ్యాయి. పుణెలోని ఫెర్గుసన్ కాలేజీలో చదువుతుండగా 1927లో గణితంలో రాంగ్లర్ పరాంజపే ప్రైజ్ అందుకున్నారు. 1929లో డిగ్రీ పూర్తయింది. పీజీ మాత్రం చేయలేదు.

1930లో నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో స్కూల్ టీచర్‌గా చేరారు. 1962లో రిటైరయ్యేదాకా 32 ఏళ్లు అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పారు.

స్కూల్ లెక్కలతోనే..

ఆయన పనిముట్లు కూడిక, తీసివేత, గుణకారం. అంతే! 45ని 45తో గుణిస్తే 2025. దాన్ని రెండు ముక్కలు చేసి 20, 25 కలిపితే మళ్లీ 45. ఇలాంటివే ఇప్పుడు కప్రేకర్ సంఖ్యలు. 18లో అంకెల్ని కలిపితే 9. ఆ 9తో 18 నిశ్శేషంగా పోతుంది. ఇలాంటి వాటికి ఆనందాన్నిచ్చేవి అనే అర్థంలో హర్షద్ సంఖ్యలని పేరు పెట్టారు. ఇంకో రకం సంఖ్యలకైతే తానుండే ఊరి పేరే పెట్టి దేవ్‌లాలీ సంఖ్యలన్నారు.

6174 సంగతిని 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో బయటపెట్టారు. కానీ దేశంలోని పెద్ద గణితవేత్తలు చాలామంది వీటిని సీరియస్‌గా తీసుకోలేదు. పెద్ద డిగ్రీ లేదు, యూనివర్సిటీ పోస్టు లేదు. పైగా చేసేవన్నీ ఎలిమెంటరీ స్కూల్ లెక్కల్లా కనిపించేవి. పేరున్న జర్నల్స్‌లో చోటు దొరకడం కష్టమైంది. చాలావరకు చిన్న పత్రికల్లో రాశారు. కొన్నింటిని సొంతంగా అచ్చు వేయించుకున్నారు. అయినా క్లాసు అయ్యాక అంకెలతో ఆడుకోవడం మానలేదు.

రిటైరయ్యాక ట్యూషన్లే దిక్కు

రిటైరయ్యాక వచ్చే పెన్షన్ సరిపోయేది కాదు. 1966లో భార్య చనిపోయారు. బతకడానికి పిల్లలకు లెక్కలు, సైన్స్ ట్యూషన్లు చెప్పుకున్నారు. 1975లో సీన్ మారింది. అమెరికా పత్రిక సైంటిఫిక్ అమెరికన్‌లోని తన కాలమ్‌లో మార్టిన్ గార్డ్‌నర్ ఆయన గురించి రాశారు. దాంతో దేశవిదేశాల్లో పేరు మార్మోగింది. అప్పటికి కప్రేకర్‌కు 70 ఏళ్లు! 1986లో కన్నుమూశారు.

ఇప్పుడు 6174ని ప్రపంచమంతా కప్రేకర్ స్థిరాంకం అంటోంది. అది ఎందుకలా వస్తుందో తెలుసుకోవాలంటే కాస్త బీజగణితం కావాలి. వస్తుందా లేదా అని చూడాలంటే మాత్రం తీసివేతలు వస్తే చాలు. మీ ఇంట్లో తీసివేతలంటే విసుక్కునే పిల్లలుంటే ఓ నాలుగంకెల నంబర్ వాళ్లనే ఎంచుకోమనండి. 6174 వచ్చేదాకా ఆపకుండా చేస్తారు. మధ్యలో ఎక్కడైనా తప్పు చేస్తే? ఏడుసార్లలో 6174 రాకపోతే వాళ్లే వెనక్కి వెళ్లి ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటారు!