హెచ్. జి. వెల్స్ – బొమ్మ సైనికుల క్రీడ

చదరంగము, పులిజూదము ఎరుగని బాలురు మునుపు మనలో అరుదుగా నుండిరి. బొమ్మ సైనికులను నేలపై నిలిపి ఆడెడు యుద్ధక్రీడ మాత్రము పెక్కుమందికి క్రొత్త. ఇందు పలు రకములు కలవు. తొలిసారి ఆడువారు ఎట్టిదానిని ఎన్నుకొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానము ఒక సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత జీవితమున లభించుచున్నది గావున, దానిని సంగ్రహముగా చెప్పదలచితిమి.

హెర్బర్ట్ జార్జి వెల్స్ 1866 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి చిన్న దుకాణము నడుపుచు, క్రికెట్టు ఆడి కొంత ఆర్జించెడివాడు. 1874లో కాలు విరిగి మంచము పట్టిన బాలునకు పుస్తకములే నేస్తములయ్యెను. 1877లో తండ్రికి తొడ యెముక విరిగి, క్రికెట్టు రాబడి ఆగిపోయెను. తల్లి ఒక సంపన్నుల భవనమున గృహనిర్వాహకురాలుగా చేరెను. వెల్స్ బట్టల దుకాణమున పని నేర్చుటకు కుదిరెను. ఆ కొలువు అతనికి చెరవలె తోచెను. 1883లో దానిని విడిచి, ఒక పాఠశాలలో చదువుచు బోధించుచు, మరుసటి యేట విద్యార్థి వేతనముతో లండనులో విజ్ఞానశాస్త్రము చదివెను. 1895లో వెలువడిన 'టైమ్ మెషీన్' నవల అతనికి కీర్తి తెచ్చెను.

పేరుపొందిన పిమ్మటను వెల్స్ ఆటలను చిన్నచూపు చూడలేదు. కుమారులిద్దరితో నేలపై కూర్చుండి కొయ్యదిమ్మలతో దీవులు, నగరములు కట్టుచుండెడివాడు. 1911 నాటి 'ఫ్లోర్ గేమ్స్' ఆ ఆటలను గూర్చిన గ్రంథమే. అంగుళము పొడవుగల కొయ్యగుండును స్ప్రింగుతో విసరు బొమ్మ ఫిరంగి ఒకటి తొమ్మిది గజముల దూరమునగల సీసపు సైనికుని పడగొట్టగలిగెడిది. దానితో అతనికిని మిత్రులకును క్రొత్త ఊహ తట్టెను. పలుమార్లు ఆడి, చిక్కు కలిగించు నియమములను మార్చి, 1913లో 'లిటిల్ వార్స్' ప్రకటించెను.

దాని నియమములు కొన్నియే. ఒక ఎత్తులో కాలిబంటు ఒక అడుగు, రౌతు రెండడుగులు నడచును. ఫిరంగి ప్రేల్చుటకు చెంత నలుగురైనను ఉండవలెను. సమానబలముగల దళములు తలపడినచో ఒకనికొకడు చొప్పున కూలుదురు. ప్రతి ఎత్తునకు కాలపరిమితి కలదు. పుస్తకములు, దిమ్మలు కొండలును ఇండ్లును అగును. ఆనాటి సైనికాధికారుల క్రీగ్‌స్పీల్ అను అభ్యాసక్రీడ మధ్యవర్తి తీర్పులతో నిండి నిస్సారమైనదని వెల్స్ తలచెను. అతని ఆటలో గుండు తగిలినదో లేదో అందరి కన్నులకును కనబడును.

ఇంత యుద్ధక్రీడ ఆడిన వెల్స్ యుద్ధప్రియుడా? కాడు. నేలపై కొలది బొమ్మలను నడుపుటలోనే ఇన్ని పొరపాట్లు దొర్లుచుండగా, లక్షల మనుష్యులతో నిజయుద్ధము నడుపుట ఎంతటి అవివేకమో ఆ గ్రంథము చివర చెప్పెను. మరుసటి యేడే, 1914లో, ప్రథమ ప్రపంచ యుద్ధము చెలరేగెను. అది యుద్ధములనే అంతము చేయునని అతడు నమ్మి సమర్థించెను. ఆ ఆశ భగ్నమయ్యెను. ఆ యేటనే ఒక నవలలో అతడు ఊహించిన అణుబాంబు 1945లో నిజమయ్యెను. దానిని తెలిసికొనియే 1946 ఆగస్టు 13వ తేదీన లండనులో కన్నుమూసెను.

ఈ జీవితమునుండి బాలురు గ్రహింపదగినది ఇది. తొలి ఆటకు పక్షమునకు పదిమంది సైనికులు చాలును. నియమములు ఒక పుటలో ఇముడవలెను. సామగ్రి ఇంటనే దొరకవలెను. మట్టిబొమ్మలైనను, అట్టముక్కలైనను సరిపోవును. తగవు వచ్చినచో ఇరువురును కలిసి నియమమును సవరించుకొనవలెను. తల్లిదండ్రులును వెల్స్‌వలె ఒక సాయంకాలము నేలపై కూర్చుండి పిల్లలతో ఆడుదురుగాక యని కోరుచున్నాము. ఆట ముగిసిన పిమ్మట కూలిన బొమ్మలన్నియు మరల లేచి నిలుచును. నిజయుద్ధమున కూలినవారు లేవరని అప్పుడు వారికి చెప్పుట మరువరాదు.