పాయగా నక్షాలో కూలివాడి పేరేది?

పాయగా అంటే గుర్రాల లాయం, సవారు దళం. ఆ దళాన్ని పోషించినందుకు నిజాం తన సర్దార్లకు తాలూకాలకు తాలూకాలే రాసిచ్చాడు. గుర్రం మీదెక్కింది నవాబు. దాని దాణాకు శిస్తు కట్టింది రైతు.

ఆ వంశంలో 1839లో పుట్టినవాడు అస్మాన్ జా. నిజాం ఇంటి అల్లుడు. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి నిజాం తరఫున లండన్ పోయొచ్చాడు. ఆ ఏడే దివానయ్యాడు. హైదరాబాదులో బషీర్‌బాగ్, అస్మాన్‌గఢ్ ఆయన కట్టడాలే. 1891లో నిజాం వజ్రం బేరం కలకత్తా హైకోర్టుకెక్కిన నాడు దివాను ఆయనే. 1898లో చనిపోయాడు.

పాయగా అమీర్లకు సొంత పోలీసు, సొంత కచేరీ ఉండేవి. ఫిర్యాదు ఎవరి మీదో, తీర్పు చెప్పేదీ వారే! ఇక పేదోడు ఎవరికి చెప్పుకోవాలె? నిజాం రాజ్యం భూమిలో ఇంచుమించు మూడో వంతు ఇట్లా జాగీర్ల పాలైంది. బీదర్ జిల్లాలో పాయగా తాలూకాలుండేవి. 1956లో మెదక్‌లో కలిసేదాకా జహీరాబాద్ ఆ జిల్లాలోదే.

తెలంగాణ రైతాంగం ఆయుధం పట్టి పోరాడుతుండగా, 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. తరతరాలు దున్నినోళ్లకు పరిహారమెవరిచ్చారు?

తర్వాత ఇదే జహీరాబాద్ ప్రాంతంలో, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో, పారిశ్రామిక మండలి పేర సుమారు 12,600 ఎకరాలకు గీత గీశారు. నక్షా మారింది. పట్టా లేని కూలివాడు అందులోనూ లేడు. భూపోరాటం ఒడిసిందని ఎవరన్నా అంటే, ముందు ఆ నక్షా పరిచి చూపించండి.