పందిరి అంచున నాదస్వరం

వరంగల్‌లో పెళ్ళి పందిట్లో అడుగుపెట్టినప్పుడల్లా నా చూపు ముందుగా సన్నాయి ఊదేవారి వైపు వెళుతుంది. మంగళవాద్యం లేనిదే తాళి కట్టరు. వాయించేవారి చోటు మాత్రం పందిరి అంచునే. అప్పుడు షేక్ చిన మౌలానా నాకు జ్ఞాపకం వస్తారు.

1924లో ఒంగోలు సమీపాన కరవదిలో, తరతరాలుగా నాదస్వరమే జీవనమైన ముస్లిం కుటుంబంలో ఆయన జన్మించారు. చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద విద్య అభ్యసించారు. తంజావూరు బాణీపై మక్కువతో, విద్వాంసుడై ఉండి కూడా, నాచియార్‌కోవిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల వద్ద మళ్ళీ శిష్యుడిగా చేరారు. (ఈ వినయం మా అధ్యాపక వర్గంలో అరుదు.) శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సేవలో వాయిస్తూ, శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు 1998లో గాని రాలేదు. మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఆయనను మతసామరస్యానికి ప్రతీకగా కీర్తిస్తారు. అది సగం సత్యం. కోస్తాలో నాదస్వరం ప్రధానంగా నాయీబ్రాహ్మణ, దూదేకుల కులాల వృత్తి. వీణను ఒడిలోకి తీసుకున్న అగ్రకులాలు, ఎంగిలి తగిలే ఈ వాద్యాన్ని ఇతరులకే వదిలాయి. గుడికి నాదం అవసరమైంది కనుకనే వాయించేవారి మతాన్ని అడగలేదు. సామరస్యమనే మాట వెనుక ఈ కులశ్రమ కనుమరుగవుతోంది.

తన తండ్రి సన్నాయి వాయిస్తారని నాతో చెప్పడానికి నా విద్యార్థి ఒకడికి రెండేళ్ళు పట్టింది.