అణుశాల నుండి గణకయంత్రం వరకు: డాక్టర్ ఎ.ఎస్. రావు

అంతర్జాలం పుట్టుక అనగానే మన విద్యార్థుల మనస్సు అమెరికాకు పరుగెత్తుతుంది. అందులో తప్పేమీ లేదు. 1969వ సంవత్సరం అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక కంప్యూటరు, సుమారు 350 మైళ్ళ దూరాన స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఉన్న మరొక కంప్యూటరుకు తీగమీదుగా అక్షరాలు పంపింది. రెండక్షరాలు చేరేసరికి వ్యవస్థ ఆగిపోయింది. లోపం సరిచేసి, కొంతసేపటికి మళ్ళీ ప్రయత్నించి పని పూర్తిచేశారు. ‘అర్పానెట్’ అనే ఆ చిన్న వలయే క్రమంగా పెరిగి, ఇతర వలలతో కలిసి, నేటి అంతర్జాలానికి మూలమైంది.

అదే 1969లో మన హైదరాబాదులో, మౌలాలి కొండకు ఆవలి దిక్కున, ఒక ప్రభుత్వరంగ సంస్థ టి.డి.సి.-12 అనే కంప్యూటరును వెలువరించింది. రూపకల్పన, తయారీ రెండూ మన దేశంలోనే జరిగి, అమ్మకానికి వచ్చిన మొదటి కంప్యూటరు అది. ఆ సంస్థ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. జనవ్యవహారంలో ఇ.సి.ఐ.ఎల్. దానికి ప్రాణం పోసినవారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు. ఎ.ఎస్. రావు అనే పొట్టిపేరుతోనే లోకం వారిని ఎరుగును. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధం లేదు. అంతర్జాల నిర్మాతల పట్టికలో రావుగారి పేరు కనబడదు, కనబడనక్కరలేదు కూడా. అయినప్పటికీ మన దేశంలో ఆ వల ఎట్లా నిలిచిందో తెలిసికోగోరేవారు రెండవ సంఘటనను దాటిపోవడానికి వీలులేదు.

కారణం చెప్పాలంటే ఈ వల పనిచేసే తీరును గూర్చి ఒక్కమాట అవసరం. మనం పంపే సమాచారాన్ని యంత్రం చిన్నచిన్న తునకలుగా ఖండిస్తుంది. ప్రతి తునకమీద చేరవలసిన చిరునామా, వరుససంఖ్య ఉంటాయి. ఒక్కొక్క తునక తనకు దొరికిన దారిన పోయి, గమ్యం చేరిన తరువాత మళ్ళీ వరుసలో కూడుతుంది. 1960 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్ వేరువేరుగా ఈ పద్ధతిని ఆలోచించారు. ప్రతి కూడలిలోనూ తునకను చూచి దారి నిర్ణయించేది కంప్యూటరే. కనుక తీగలు ఎన్ని పరచినా, ఆ యంత్రాల లోపల జరుగుతున్నదేమిటో ఎరిగిన మనుష్యులు లేని చోట వల నిలువదు. అటువంటి మనుష్యులను ఈ దేశంలో తయారుచేయడమే సాంబశివరావుగారి జీవితకార్యమని నా అభిప్రాయం.

వారు 1914లో భీమవరం సమీపాన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. ఈ గ్రామం పేరు మనకు కొత్తది కాదు. అల్లూరి సీతారామరాజుగారి పూర్వీకుల గ్రామం ఇదే. రావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సి. పట్టం పొంది, కొంతకాలం అక్కడే అధ్యాపకులుగా పనిచేశారు. రెండవ ప్రపంచ సంగ్రామం ముగిసిన తరువాత ఉన్నతవిద్య కోసం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రులయ్యారు.

ఆనాటి స్టాన్‌ఫర్డ్ వాతావరణం గమనించదగినది. అక్కడి ఇంజనీరింగు విభాగానికి ఫ్రెడరిక్ టెర్మన్ అనే ఆచార్యుడు పెద్దగా ఉండేవారు. ఆయన శిష్యులైన హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు యువకులు 1939లో ఒక ఇంటి కారు షెడ్డులో కొలతల పరికరాలు తయారుచేసే సంస్థను ప్రారంభించారు. చదువు నేర్పిన గురువే శిష్యులను కర్మాగారం పెట్టుకొమ్మని వెన్నుతట్టడం ఆ విశ్వవిద్యాలయం ప్రత్యేకత. నేడు సిలికాన్ వ్యాలీ అని పిలువబడే ప్రాంతం ఆ సంప్రదాయంలోనుండే పెరిగింది. రావుగారు అక్కడ స్థిరపడగల అర్హతలన్నీ ఉండి కూడా స్వదేశానికి తిరిగివచ్చారు. బొంబాయిలో హోమీ భాభా 1945లో నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరారు.

తరువాతి కథ అణుశక్తితో ముడిపడినది. ట్రాంబేలో ‘అప్సర’ అనే మన మొదటి రియాక్టరును నిర్మించే రోజులలో దాని ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థ బాధ్యత రావుగారి బృందం మీద పడింది. రియాక్టరు లోపల న్యూట్రానుల సంఖ్య క్షణక్షణానికి మారుతుంది. దానిని ఎడతెగకుండా లెక్కపెడుతూ ఉండాలి. సంఖ్య హద్దు దాటబోయిన క్షణంలో నియంత్రణ కడ్డీలు వాటంతట అవే లోనికి దిగిపోవాలి. మనిషి చేయి చాచి మీట నొక్కేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. లెక్కించడం, లెక్కనుబట్టి నిర్ణయించడం, నిర్ణయాన్ని వెంటనే అమలుజరపడం అనే ఈ మూడు పనులూ సర్క్యూట్లే చేయాలి. ఆలోచించి చూస్తే కంప్యూటరు చేసే పని కూడా సారాంశంలో ఇదే కదా! అప్సరకు కావలసిన ఇంధనం బ్రిటను నుండి వచ్చింది గాని, నియంత్రణ వ్యవస్థను మనవారే స్వయంగా నిర్మించారు. 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర పనిచేయడం ప్రారంభించింది.

పరికరాలను కూడా కొని తెచ్చుకొంటే ఏమయ్యేది? రియాక్టరు నడిచేది. కాని ఒక్క భాగం చెడినప్పుడల్లా ఓడమీద మరొక భాగం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చేది. మన గరివిడి ప్రాంతంవారికి ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు. విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలోనే మొదలైంది. చాలాకాలం ఆ ఖనిజం రాళ్ళ రూపంలోనే విశాఖ తీరం నుండి విదేశాలకు పోయి, ఉక్కు రూపంలో అంతకు ఎన్నోరెట్ల ధరకు తిరిగివచ్చేది. ఇక్కడే కొలిమి వెలిగించి మిశ్రలోహం తీయడం మొదలుపెట్టిన తరువాతగాని ఈ ఊరికి పని, పేరు దక్కలేదు. రావుగారు ఎలక్ట్రానిక్స్ విషయంలో పట్టుబట్టినది కూడా ఈ కొలిమి కోసమే.

ట్రాంబేలో వారి విభాగం అణుశాలకు చాలినన్ని పరికరాలు చేసి ఊరుకోలేదు. ఇతర పరిశోధనశాలలకు కూడా తయారుచేసి ఇవ్వసాగింది. 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం రావుగారిని వరించాయి. 1972లో పద్మభూషణ్ వచ్చింది.

1962లో చైనాతో జరిగిన యుద్ధం దేశానికి అనేక లోపాలను చూపించింది. సైన్యానికి కావలసిన రేడియో, రాడార్ పరికరాల కొరత వాటిలో ఒకటి. 1963లో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు! భగవంతంగారు మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన వారు. ఉస్మానియాలో ఒకప్పుడు విజ్ఞానశాస్త్రాలన్నీ ఉర్దూ మాధ్యమంలో బోధించేవారని, అందుకోసం ఒక అనువాద శాఖనే నడిపేవారని మన ఉర్దూ విభాగం విద్యార్థులు గుర్తుంచుకోవాలి. శాస్త్రం ఇంగ్లీషు సొత్తు అనే భయం వారికి అక్కరలేదు.

కమిటీ నివేదిక వెలువడిన 1966వ సంవత్సరంలోనే జనవరి 24న భాభా విమానప్రమాదంలో మరణించారు. తలపెట్టిన పని మాత్రం ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ ఆధీనంలో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ట్రాంబేలో పరికరాలు తయారుచేసిన అనుభవమే దానికి మూలధనం. రావుగారు దాని నిర్వహణ స్వీకరించారు.

టి.డి.సి.-12 అనే పేరులోని మొదటి మూడక్షరాలు ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అనే మాటలకు సంకేతం. ఒక్కొక్క పదం పన్నెండు బిట్ల పొడవు గనుక పన్నెండు. దానికి ముందు మన దేశంలో కంప్యూటర్లు లేకపోలేదు. 1955లో కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు బ్రిటను నుండి ఒకటి వచ్చింది. 1960లో టాటా సంస్థలో ‘టిఫ్రాక్’ అనే యంత్రాన్ని మనవారే నిర్మించారు. అది పరిశోధన కోసం నిర్మించిన ఒకే ఒక యంత్రం. ఒక యంత్రం చేయడం వేరు. ఒకే నమూనాలో అనేకం చేసి, కొన్నవాడి చేతిలో పెట్టి, అది చెడినప్పుడు వెళ్ళి బాగుచేయడం వేరు. ఈ రెండవ పని ఇ.సి.ఐ.ఎల్. ప్రారంభించింది. ప్రసంగవశాత్తు మరొక సంగతి. ఆ కాలపు కంప్యూటర్ల జ్ఞాపకశక్తి ఆవగింజలంత ఉంగరాలలో ఉండేది. సన్నని తీగలకు గుచ్చిన ఆ ఉంగరాలను సాధారణంగా ఇనుము, మాంగనీసు, మెగ్నీషియం ఆక్సైడుల మిశ్రమంతో చేసేవారు. మన మాంగనీసుకు ఉక్కు కొలిమిలోనే కాక గణకయంత్రం జ్ఞాపకంలో కూడా చోటు ఉండేదన్నమాట.

తరువాత టి.డి.సి.-312, పదహారు బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. విమర్శలు కూడా వచ్చాయి. అవి న్యాయమైనవే. విడిభాగాలు చాలావరకు విదేశాల నుండే తెచ్చుకోవలసి వచ్చింది. ధర ఎక్కువ, అందడం ఆలస్యం. దిగుమతులమీద ఆంక్షలు ఉండడంచేత కంప్యూటరు కావలసినవారికి వేరే మార్గం కనబడేది కాదు. చేతకాని శిశువును కాపాడడానికి కట్టిన గోడ ఆ శిశువు ఎదిగిన తరువాత కూడా అట్లాగే ఉంటే గాలి ఆడదు. ఈ విధానం కొంతకాలం దేశాన్ని వెనుకకు లాగిందనే వాదనను నేను కాదనలేను. అయితే 1978లో ఐ.బి.ఎం. అనే మహాసంస్థ భారతదేశాన్ని విడిచి వెళ్ళినప్పుడు కంప్యూటరు పెట్టెను విప్పి మళ్ళీ బిగించగల ఇంజనీర్లు ఈ దేశంలో ఉన్నారు. వారిలో హైదరాబాదులో తరిఫీదు పొందినవారి సంఖ్య చిన్నది కాదు. లెక్కలపుస్తకంలో నష్టం కింద వ్రాసిన సొమ్ములో కొంతభాగం ఈ చదువుకు అయిన ఖర్చు.

సమాచారాన్ని పల్లెలకు చేర్చడంలో కూడా ఈ సంస్థకు పాత్ర ఉంది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళ గూటికి కట్టే జాలీవంటి వలతో చేసిన గొడుగు ఆకారపు ఏంటెన్నాలు పల్లెలలో నిలబెట్టారు. నేరుగా ఉపగ్రహం నుండి అందుకొనే ఆ టి.వి. సెట్లను తయారుచేసినది ఇ.సి.ఐ.ఎల్. ఊరి మధ్య చెట్టుకింద జనం గుమిగూడి వ్యవసాయపాఠాలు చూచిన ఆ సంవత్సరం, అంతరిక్షం మీదుగా ఒక కబురు మన పల్లెకు చేరగలదని మొదటిసారి నిరూపించింది. ఆ తరువాత 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి ఉపయోగించిన ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాల చరిత్రలోనూ ఈ సంస్థ పేరు ఉంది.

మన దేశంలో కంప్యూటర్ల వల 1986 ప్రాంతాన రూపుదిద్దుకొంది. ఐక్యరాజ్యసమితి సాయంతో ‘ఎర్నెట్’ అనే విద్యా పరిశోధనా వలను ఆరంభించి ఐ.ఐ.టి.లను, బెంగుళూరు విజ్ఞానశాస్త్ర సంస్థను కలిపారు. అందులో ప్రముఖపాత్ర వహించిన బొంబాయి సాఫ్ట్‌వేర్ కేంద్రం, రావుగారు తొలినాళ్ళలో పనిచేసిన టాటా మౌలిక పరిశోధనా సంస్థనుండి చీలి ఏర్పడినదే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు అంతర్జాలాన్ని అందుబాటులోకి తెచ్చింది. 1998లో హైదరాబాదు పడమటి దిక్కున సైబర్ టవర్స్ వెలిసింది. నగరానికి కంప్యూటరు కీర్తి అప్పుడే వచ్చిందని చాలామంది అనుకొంటారు. తూర్పు దిక్కున ముప్పై ఏండ్లకు పూర్వమే ఆ పని మొదలైన సంగతి మరుగున పడింది.

సాంబశివరావుగారు 2003లో పరమపదించారు. ఇ.సి.ఐ.ఎల్. పరిసరాలలో ఉద్యోగులు ఇళ్ళు కట్టుకొన్న కాలనీకి ఎ.ఎస్. రావు నగర్ అని పేరు. దాని ఆవలి కూడలికి సంస్థ పేరే నిలిచిపోయింది. గరివిడిలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, ఆ దిక్కుకు పోయే సిటీ బస్సు ఎక్కిన మన విద్యార్థులకు ఈ రెండు పేర్లూ కండక్టరు నోట ఒకదాని వెంట ఒకటి వినబడతాయి.