బాలవాడీలకు బాసటగా నిలిచిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

నాదర్‌గుల్, రంగారెడ్డి జిల్లా:

స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ తెలుగువారందరికీ సుపరిచితులు. బడి ఈడు రాని పసిపిల్లల చదువుకు, ఆ చదువు చెప్పే గ్రామీణ మహిళల ఎదుగుదలకు ఆమె చేసిన సేవ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నేడు గ్రామగ్రామాన కనిపించే అంగన్‌వాడీ కేంద్రాల పూర్వచరిత్రను పరిశీలించినప్పుడు ఆమె కృషి విలువ బోధపడుతుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చిన తరువాత ఆ బాల్యవివాహ బంధం నుండి వైదొలగాలని ఆమె నిర్ణయించుకోగా పుట్టింటివారు అండగా నిలిచారు. అప్పటికే ఆమె ఇంగ్లీషు చదువును కాదని బడి మాని, హిందీ నేర్చుకుని, బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పి తోటి బాలికలకు పాఠాలు చెప్పసాగారు. తాను పూర్తిగా విద్యార్థిని కాకముందే ఉపాధ్యాయిని కావడం ఆమె జీవితంలోని విశేషం. 1923లో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభలో ఆమె స్వచ్ఛంద సేవికగా పనిచేశారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దుర్గాబాయి, ఆ తరువాతి మూడేళ్ళలో పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధానికి గురయ్యారు. చదువు లేక, తమపై మోపిన నేరమేమిటో, తమకున్న హక్కులేమిటో తెలియని స్త్రీలను ఆమె అక్కడ దగ్గరగా చూశారు. ఆ అనుభవం ఆమెను ఆత్మపరిశీలనకు పురికొల్పింది. ఉద్యమంలో ముందు నిలిచిన తనకు కూడా చదువు కొరవడిందని గ్రహించి, విడుదలైన తరువాత మళ్ళీ పుస్తకం పట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులయ్యారు. అనంతరం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

తాను నేర్చిన దానిని వెనువెంటనే ఇతరులకు పంచడం ఆమె స్వభావం. మద్రాసులోని తన ఇంట ఇరుగుపొరుగు తెలుగు బాలికలను చేరదీసి మెట్రిక్ పరీక్షకు శిక్షణనివ్వసాగారు. ఆ చిన్న బృందమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదాల్చింది. పెళ్ళితోనో, వైధవ్యంతోనో, పేదరికంతోనో చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీ తక్కువ కాలంలోనే పోగొట్టుకున్న తరగతులను అందుకోగలదని ఆమె స్వయంగా నిరూపించడమే గాక, ఎందరి చేతనో నిరూపింపజేశారు.

ఈ విశ్వాసం అనంతరకాలంలో జాతీయ స్థాయిలో అక్కరకు వచ్చింది. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఉంటూ, 1953లో ఏర్పాటైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షులయ్యారు. అదే ఏడాది శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఆనాటికి శిశువిద్య చాలావరకు నగరాలకే పరిమితం. 1939లో డాక్టర్ మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినా, ఆ పద్ధతికి అవసరమైన పరికరాలు, శిక్షకులు పల్లెకు అందుబాటులో లేవు. బొంబాయి రాష్ట్రంలోని బోర్డీ గ్రామంలో 1945 నుండి తారాబాయి మోదక్ సాగించిన కృషి వంటి ప్రయత్నాలు కొన్ని మాత్రమే పల్లె పిల్లలకు దారి చూపాయి.

సంక్షేమ మండలి 1954లో ప్రారంభించిన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ఈ లోటును పూరించేందుకు ఉద్దేశించినవి. సుమారు 25 గ్రామాలను ఒక ప్రాజెక్టుగా తీసుకుని, బాలవాడి, మాతాశిశు ఆరోగ్యం, మహిళల అక్షరాస్యత, చేతిపనుల శిక్షణలను ఒకచోట చేర్చారు. తల్లి కూలికి వెళితే తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకుని ఇంటి వద్ద మిగిలిపోయేది పెద్ద కూతురు. పసివాడు బాలవాడికి చేరితే ఆ ఇంట మరో బాలికకు కూడా బడికి దారి ఏర్పడుతుంది.

అయితే బాలవాడిలో ఆటపాటలు నేర్పేదెవరన్న ప్రశ్న ఎదురయింది. చదువుకున్న పట్టణ మహిళలు పల్లెల్లో నివసించడం అరుదు. పల్లెలో ఉన్న మహిళలకు తగిన చదువు లేదు. ఈ చిక్కుముడిని విప్పేందుకు 1958లో వయోజన మహిళలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రవేశపెట్టారు. చదువు మధ్యలో ఆపిన మహిళలను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేసి, ఉపాధ్యాయినులుగా, బాలసేవికలుగా, గ్రామసేవికలుగా తీర్చిదిద్దడం వీటి ధ్యేయం. మద్రాసు ఇంటి వసారాలో మొదలైన ప్రయోగమే దేశవ్యాప్త పథకమైందనడం అతిశయోక్తి కాదు. అదే ఏడాది నియమితమైన జాతీయ మహిళా విద్యా కమిటీకి ఆమె అధ్యక్షత వహించారు. ఆ కమిటీ 1959లో నివేదిక సమర్పించింది.

1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. అదే 1975లో అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరంభమై, బాలవాడి చేసిన పనిని అంగన్‌వాడీ మరింత విస్తృతంగా చేపట్టింది. 1981 మే 9న దుర్గాబాయి పరమపదించారు.

నాదర్‌గుల్ వంటి నగర శివారు ప్రాంతాలలో నేడు పసిపిల్లలకు రెండు రకాల ఆరంభాలున్నాయి. స్తోమత గలవారి పిల్లలు ప్రైవేటు నర్సరీలకు వెళతారు. కూలినాలి చేసుకునేవారి పిల్లలకు అంగన్‌వాడీయే తొలి బడి. ఈ రెండింటి మధ్య అంతరాన్ని తగ్గించగలిగేది భవనం కన్నా ముందుగా టీచరే. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ వయసు నుండే పునాది దశను గుర్తించి, ఇంటర్మీడియట్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సును, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించింది. ఆరు దశాబ్దాల క్రితపు సంక్షిప్త కోర్సుల ఆశయం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పోషకాహార పంపిణీ, బరువుల నమోదు, రికార్డుల నిర్వహణ అంగన్‌వాడీ టీచరు విధులలో ముఖ్యమైనవే. కానీ రికార్డులు సరిచూడడంతోనే తనిఖీ ముగిస్తే, ఆమె బోధకురాలన్న సంగతి మరుగునపడుతుంది. తాను చేసిన పనిని తిరిగి తలచుకునేందుకు, కొత్తది నేర్చుకునేందుకు ఆమెకు వ్యవధి, అవకాశం కల్పించవలసి ఉన్నది. నేర్చుకోవడం ఆపని ఉపాధ్యాయిని చేతిలోనే పసివాడి చదువు భద్రంగా ఉంటుందన్నది దుర్గాబాయి జీవితం మనకు మిగిల్చిన పాఠం.